బొగ్గాసురుడి పరుగు

మా గోదావరిఖనిలో బొగ్గాసురుడనే రాక్షసుడు వీరంగం వేసిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ రాక్షసుడి పొట్టలో ఉన్నది నేనే. పొట్ట కూడా చాలావరకు నాదే.

ఇరవై ఆరేళ్లుగా బొగ్గుబాయిలో పంపు నడిపే ఉద్యోగం నాది. అక్కడ నెత్తిమీది దీపం ఎదుటివాడి ముఖం మీద పడుతుంది గానీ మన ముఖం మీద పడదు. అందుకే, హైదరాబాద్ నుంచి పెద్ద రాక్షసుడి సీరియల్ తీసేవాళ్లు వచ్చారని, ఊరివాళ్లకూ వేషాలిస్తున్నారని తెలియగానే నాకు ఆశ పుట్టింది. ఒక్కసారైనా నా ముఖం టీవీలో కనబడాలి! టై కట్టుకుని ఫొటో దిగి, సైంటిస్టు వేషం అడగడానికి పోయాను.

డైరెక్టరు భూపాల్ ఫొటో చూడనే లేదు. నన్ను పక్కకు తిరగమని, నా నడుము చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అన్నా, ఇన్ని రోజులు ఏడున్నవే?"

"భూమి లోపల."

"మా రాక్షసుడు గూడ ఆడినుంచే వస్తడు!"

వేషం ఖాయమైంది. సైంటిస్టుది మాత్రం కాదు.

కొలతలు తీసుకున్నది నా దోస్తు, టైలర్ మొయినుద్దీన్. నల్ల రబ్బరు, లోపల స్పాంజి, వెనకాల ఆరడుగుల తోక. "నర్సింగం భాయ్, నీకు స్పాంజి శాన తక్కువ పట్టింది. ఖుదానే సగం నింపి పంపిండు" అన్నాడు.

చిక్కల్లా మా ఆవిడ తిరుమలతోనే. సరిగ్గా షూటింగ్ రోజే ఆమెను పెద్దపల్లికి, వాళ్ల అక్క ఇంటికి తీసుకుపోతానని మాటిచ్చి ఉన్నాను. పైగా ఇన్నేళ్ల సంసారంలో ఆమె నన్ను రాక్షసుడని ఎన్నిసార్లందో! ఇప్పుడు నేనే పోయి సంతకం పెట్టినట్టవుతుంది.

"రేపు అర్జెంటు డ్యూటీ పడ్డది. బాయిల నీళ్లెక్కువైనయట" అన్నాను, పప్పు కలుపుకుంటూ.

"వానల్లేవు గద, నీళ్లెక్కడియి?"

"భూమి నీళ్లు."

"ఓహో. సరే తియ్, నేనొక్కదాన్నే బస్సెక్కుత."

అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అనుమానపడాల్సింది. నేను సంతోషపడ్డాను.

షూటింగు గని మట్టి పోసిన గుట్ట దగ్గర. నేను గుట్ట మీద నిలబడి అరవాలి. కింద జనం నన్ను చూసి కేకలేస్తూ పరుగెత్తాలి. తర్వాత నన్ను రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టమంత ఎత్తు చేసే పని కంప్యూటరుది.

"యాక్షన్" అని వినపడింది. చేతులెత్తి, గొంతు చించుకుంటూ నాలుగడుగులు కిందికి దిగాను. జనం బ్రహ్మాండంగా ఉరికారు. ఆ భయం ఇంకా బాగా చూసి ఆనందిద్దామని, కళ్ల దగ్గరి చిల్లుల్లోంచి తొంగిచూశాను.

ముందు వరుసలో, పెద్దపల్లిలో ఉండాల్సిన తిరుమల!

నా కాళ్లు నన్నడగలేదు. వెనక్కి తిరిగి గుట్ట పైకి పరుగందుకున్నాయి.

జనం ఆగిపోయారు. రాక్షసుడు తరుముతాడని చెప్పారు గానీ, వాడే పారిపోతే ఏం చేయాలో వాళ్లకెవరూ చెప్పలేదు. తిరుమల ఒక్క క్షణం ఆలోచించింది. కొంగు నడుముకు చెక్కుకుంది. గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది.

"ఓ దీప నాయినా! ఆగు!"

మా అమ్మాయి దీప పుట్టినప్పటి నుంచి ఆమె నన్ను పిలిచే పిలుపు అది. నేను ఆగలేదు. ఆమె తోక పట్టుకుంది.

"వదినా, జర ఆహిస్తా, మెల్లగ! మూడు రోజులు కుట్టిన!" కిందనుంచి మొయినుద్దీన్ గుండెలు బాదుకున్నాడు.

పర్రుమని తోక ఊడింది. నేను బోర్లా పడ్డాను.

"ఎట్ల గుర్తువట్టినవే?" అని రబ్బరు లోపల్నుంచే అడిగాను.

"నన్ను చూసి గట్ల ఉరికేటోడు ఈ భూమ్మీద ఇంకెవడున్నడు?"

"నువ్వు పెద్దపల్లి పోలేదా?"

"బస్సెక్కుత అన్న, ఎక్కిన. షూటింగోళ్ల బస్సు. అది పెద్దపల్లి పోతదని అన్ననా?"

"నాకు చెప్పద్దా మరి?"

"నువ్వు భూమి నీళ్లు తోడుతున్నవ్ గద. ఎందుకు ఫికర్ వెట్టాలె అనుకున్న."

చేతిలో తోకతో ఆమె, చేతులు జోడించి నేను. ఎంతసేపటికీ "కట్" వినపడదే! కిందికి చూస్తే భూపాల్ కళ్లలో నీళ్లు.

"అక్కా! రాక్షసుణ్ని ఎట్ల లొంగదియ్యాల్నో ఆర్నెల్ల సంది మా రైటర్లకు తెలుస్తలేదు. నువ్వు ఉత్తగ గుట్టెక్కినవ్, అయిపాయె!"

సాయంత్రానికల్లా కథ మారిపోయింది. ఎనిమిది భాగాలకూ నాయిక తిరుమలే. ఫిరంగులకు బెదరని బొగ్గాసురుడు ఆమె కొంగు కనబడితే చాలు, పారిపోతాడు. ఆ నటన నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది.

సంతోషంగానే ఉన్నాను గానీ, లోపల చిన్న దిగులు. ఎనిమిది భాగాలూ రబ్బరు కిందే! ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆఖరి రోజున తిరుమల నేరుగా భూపాల్ దగ్గరికి పోయింది.

"తమ్మీ, మా ఆయన మొఖం సూపియ్యకుంటె ఆఖరి సీను నేను చెయ్య."

"రాక్షసునికి మనిషి మొఖమేందక్కా?"

"మంచిగ మారి మనిషైతడు. గంతే."

నా కళ్లు చెమర్చాయి. ఈమెకెలా తెలిసింది?

"మనిషై ఏం చేస్తడు?" అన్నాడు భూపాల్.

తిరుమల నా వైపు చూసి నవ్వింది. "పొద్దుగాల లేసి పెండ్లానికి ఛాయ్ వెడ్తడు."

ఆ సీను మా క్వార్టర్లోనే తీశారు. మొదటిసారి పాలు పొంగాయి. రెండోసారి ఛాయ్‌పత్తా వేయడమే మరిచాను. ఆరోసారికి భూపాల్ ఒప్పుకున్నా తిరుమల ఒప్పుకోలేదు. "రంగు రాలే, మల్ల తియ్యుండ్రి" అంది. పదకొండోసారి ఒక గుటక వేసి తల ఊపింది.

ఆఖరి భాగం వచ్చిన రోజు కాలనీ అంతా మా ఇంట్లోనే. టీవీ నిండా నా ముఖం, నిండుగా ఒక నిమిషం! చప్పట్లు మోగిపోయాయి.

"అన్నా, గా ఛాయ్ నిజంగ నువ్వే వెట్టినవా, యాక్టింగా?" అని పక్కింటి సారవ్వ అడిగింది.

"యాక్టింగేంది? ఇప్పుడు పెట్టుమన్నా పెడ్త!" అన్నాను, కాలరెగరేస్తూ.

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. తిరుమల అప్పటికే జనాన్ని లెక్కపెడుతోంది.

"ఇరువై ఇద్దరు" అంది, పాలగిన్నె నా చేతికిస్తూ.