పడవ మీద అనకూడని మాట

ఆ ఆదివారం పొద్దున ముసలి ఇంగ్లీషు జాలరి డెస్మండ్ ట్యాప్లీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిండి డొప్పలో పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పైని బిస్కెట్ల డబ్బాలో సర్దుకుని, డోవర్ నుంచి పడవలో బయలుదేరి, సముద్రం మధ్యలో ఫ్రెంచి మిత్రుడు ఎమిల్ చేతికి అందించి, సాయంత్రం టీ వేళకు ఇంటికి చేరడం. అంతే.

ఒకప్పుడు ఇలా నడిసముద్రంలో అందించుకునే బెడదే లేదు. కుర్రతనంలో ఎమిల్ పడవ ఇంజను మొరాయిస్తే డెస్మండే తాడు కట్టి ఫ్రాన్సులోని బులోన్ రేవు దాకా లాక్కెళ్ళాడు. ఆ ఏటి నుంచి ప్రతి సెప్టెంబరులో డెస్మండ్ భార్య హెట్టీ చేసిన పై అటు, ఎమిల్ ఇంటి వంట ఇటు. గట్టు దిగితే ఎమిల్ తల్లి బుగ్గలు పుణికేది తప్ప, డబ్బాలో ఏముందని అడిగిన నాథుడు లేడు. ఎంత మంచి రోజులవి! తర్వాత ఇంగ్లండు యూరప్ ఉమ్మడి కాపురం నుంచి వేరుపడింది. లండన్ వాళ్ళూ బ్రస్సెల్స్ వాళ్ళూ ఏళ్ళ తరబడి బేరాలాడారు, చేపల వేట హక్కుల దగ్గర చొక్కాలు చించుకున్నారు. ఆఖరికి తేలిందేమిటంటే, ఇక్కడి మాంసం ముక్క అక్కడి గట్టున దిగకూడదు. సరే, మిత్రులిద్దరూ తమ ఒప్పందం తామే చేసుకున్నారు. గట్టెక్కొద్దు, నీళ్ళ మీదే మార్చుకుందాం.

ఈసారి వంట డెస్మండ్‌దే. హెట్టీ చలికాలంలో పోయింది. ఎన్నిసార్లో మాడ్చి, చివరికి ఒకటి కుదిరిందనిపించాడు గానీ, నోట్లో పెట్టుకుంటే ఆమే గుర్తొచ్చి రుచి తెలిసి చావదు. సరిగ్గా తేల్చగల నాలుక ఎమిల్‌దొక్కటే. వాడు "హెట్టీదే" అంటే ఆమె చేతి రుచి ఇంకా బతికున్నట్టే.

"తెచ్చావురా?" రేడియోలో ఎమిల్ గొంతు.

"తెచ్చా. అదే."

"నేనూ తెచ్చా. అదే."

పేరెందుకు చెప్పలేదంటారా? పాతకాలం ఇంగ్లీషు జాలరి పడవెక్కాక పంది మాట ఎత్తడు. ఎత్తితే గాలివానో, ఇంజను చావో తప్పదు. ఫ్రెంచి జాలరికి కుందేలు మాట అంతే. ఇదంతా తెలియని కస్టమ్స్ ఆఫీసరు ప్రూడెన్స్ హాలమ్ ఆ రేడియో మాటలు విని, దొంగసరుకేమోనని గస్తీ పడవ వేసుకుని రెండు పడవల మధ్యా వాలింది.

"పెద్దాయనా, డబ్బాలో ఏముంది?"

"చెప్పను తల్లీ."

"ఏం?"

"పడవ మీదున్నాను."

"బయటి దేశానికి పోయే సరుకు. పేరు చెప్పాల్సిందే."

"తోక మెలి తిరిగి ఉంటుంది. బురదలో పొర్లుతుంది. ఇక నీ తెలివి."

"నాతో పొడుపుకథలా?" ఎమిల్ వైపు తిరిగింది. "ఆ కుండలో?"

"పొడుగు చెవులు, మేడమ్. చంపినా ఇంకో ముక్క చెప్పను."

ఆమెకు అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. సాయం పంపమని రేడియోలో కేకేసింది. ఆ కేక చుట్టుపక్కల పడవలన్నీ విన్నాయి. చేపల గొడవ మళ్ళీ మొదలైందనుకుని ఇటు నుంచి ఇంగ్లీషు వాళ్ళు, అటు నుంచి ఫ్రెంచి వాళ్ళు దౌడు తీశారు.

"మా ఎమిల్‌ని వదలండి!"

"ముందు మా డెస్మండ్‌ని వదలండ్రా!"

పట్టుకున్నదెవరో ఎవరికీ తెలియదు. ఎవరో బంగడా చేప విసిరారు. బదులుగా ఇంకోటి వచ్చింది. ఇక లాభం లేదని ప్రూడెన్స్ డబ్బా లాక్కుని మూత పీకింది.

"ఓస్, పంది మాంసమా! పంది అని చెప్పడానికి ఇంత రాద్ధాంతమా?"

ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. ఇంగ్లీషు పడవల్లో ప్రతివాడూ దిష్టి పోవడానికి చేతికందిన ఇనుప ముక్కను పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గస్తీ పడవ ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఇది కాకతాళీయం!" అంది ఆమె. ఇంజను ఒప్పుకోలేదు. పడవ మెల్లగా ఫ్రాన్సు వైపు కొట్టుకుపోసాగింది.

"అక్కడ దిగితే నువ్వూ బయటి సరుకువే, అమ్మాయ్," అన్నాడు డెస్మండ్. "తాడేస్తాను. డబ్బా ఇస్తావా?"

"మాంసం ఆ గట్టున దిగకూడదు. రూలు."

"వాడి కడుపులో దిగొచ్చుగా?"

ఆమె ఒడ్డు వైపు చూసింది, తాడు వైపు చూసింది, డబ్బా ఇచ్చేసింది.

ఎమిల్ డెస్మండ్ పడవలోకి దూకి ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. డెస్మండ్ వాడి దవడల వంకే చూస్తున్నాడు.

"ఉప్పు చాలలేదురా."

డెస్మండ్ తల దించుకున్నాడు. "నాకు చేతకాలేదు."

"ఏడిశావు. హెట్టీ ఏ ఏడు సరిగ్గా వేసింది గనక?" ఎమిల్ జేబులోంచి కాగితపు పొట్లం తీసి విప్పాడు. లోపల ఉప్పు. "అమ్మ పెట్టిచ్చేది, హెట్టీ మనసు నొచ్చుకోకుండా చాటుగా చల్లుకోరా అని. ఇవాళా తెచ్చుకున్నా. ఇది హెట్టీదేరా."

డెస్మండ్ ఏడ్చేశాడు. ఆ కన్నీళ్ళు సముద్రపు గాలికి వచ్చాయని ఎవరూ బుకాయించలేదు. ఇద్దరూ ఇంకో ముక్క కోసి ఉప్పు చల్లి ప్రూడెన్స్‌కి అందించారు, తర్వాత ఆ పాత తాడుతోనే గస్తీ పడవను డోవర్ వైపు లాగారు.

దారిలో ఆమె రిపోర్టు రాసింది. ఇంజను ఆగడానికి కారణం అన్న చోటికి వచ్చి, తానింకా పడవ మీదే ఉన్న సంగతి గుర్తొచ్చి, 'తోక మెలి తిరిగినది' అని పూర్తి చేసింది.