మూడో నంబరు కాఫీ పొడి

ఊరు ఊరంతా ఇరానీ చాయ్ తాగే రోజుల్లో కాఫీ తాగేవాళ్లం గుప్పెడు మందిమి. ఆ గుప్పెట్లో నాకంటే కాఫీ తెలిసినవాడు లేడని నా నమ్మకం. మా ఆఫీసులో కూడా కొందరు నమ్మారు. మా ఆవిడ శశికళ మాత్రం నమ్మలేదు.

యుద్ధం నడుస్తున్న కాలమది. నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఆఫీసు వదలగానే అబిడ్స్ సందులో శ్యామ్‌సుందర్ దుకాణానికి పోయేవాణ్ణి. కాఫీ గింజలు వేయించి, మర పట్టి, పొడి అమ్ముతాడతను. ఎప్పుడూ పొగలోనే కనిపిస్తాడు కనుక అందరూ పొగసుందర్ అనేవాళ్లు. కొనేవాళ్ల కోసం రుచికని కొంచెం కాఫీ పెట్టేవాడు. నాకు రుచి తెలియడానికి అరగంట పట్టేది.

ఆ వేసవిలో అతను 'మూడో నంబరు' అని కొత్త మిశ్రమం పెట్టాడు. ఒక గుటక వేశానో లేదో నాకు నోట మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకు మాట రాకపోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున ఇంట్లో కాఫీ తాగి గ్లాసు ఠప్పున కింద పెట్టాను.

"ఏందే ఇది, కాఫీయా మసినీళ్లా?"

"రోజు తాగేదే గదా!"

"పొగసుందర్ మూడో నంబరు జర తాగి చూడు. కాఫీ అంటే ఏందో నీకు తెలుస్తది."

"గట్లయితే గాడనే తాగున్రి. ఆ పొగలనే చాప పర్సుకొని పండుకోన్రి."

మొదటి రోజు అంతే అంది. ఆ తరువాత ఇరవై రోజులు నేను చేదంటే "ఔనా" అంది, పులుపంటే "ఔనా" అంది. నేనే గెలిచాననుకున్నాను. పన్నెండేళ్ల కాపురంలో శశికళ ఎదురు చెప్పకపోవడం ఎంత ప్రమాదమో నాకు తట్టలేదు.

ఒకనాడు దుకాణం ముందు పలక వేలాడింది. 'మూడో నంబరులో ఏమున్నదో చెప్పినవారికి శేరు పొడి బహుమానం. ఆదివారం పది గంటలకు.'

ఆఫీసులో బల్ల గుద్ది చెప్పాను, ఆ శేరు నాదేనని. నన్ను చూడడానికి ఎనిమిదిమంది వస్తామన్నారు. ఓడితే సోమవారం ఏ మొహంతో పోను?

ఆదివారం పొద్దున్నే శశికళ చీర మార్చుకుంది. "నర్మదక్క పిలిచింది, పోయొస్త" అంది. నర్మద పొగసుందర్ భార్య. ఇల్లు ఖాళీ అయింది కదా అని సంబరపడ్డాను. దాచిపెట్టిన పచ్చి గింజలు తీసి, మూకుడు పొయ్యి మీద పెట్టి, పరిశోధన మొదలుపెట్టాను.

గింజలు గోధుమరంగుకు వచ్చాయి, నలుపయ్యాయి, ఆ తరువాత ఏమయ్యాయో పొగలో కనిపించలేదు.

"అయ్యయ్యో! సారింట్ల అగ్గి పడ్డది!" పక్కింటి యాదవ్వ కేక. ఆ వెంటనే కిటికీలోంచి బిందెడు నీళ్లు. సగం మూకుడు మీద, సగం నా మీద.

"అగ్గి గాదు యాదవ్వా, కాఫీ వేయిస్తున్న!"

"కాఫీయా? దూది పరుపు అంటుకున్నదనుకున్న!"

అప్పుడే ఆ పొగలో నాకేదో కమ్మని వాసన తగిలినట్టయింది. రహస్యం దొరికిపోయింది! ఒళ్లు కూడా తుడుచుకోకుండా అబిడ్స్‌కు పరుగెత్తాను.

దుకాణం ముందు ముప్ఫైమంది పోగయ్యారు. నేను గొంతు సవరించుకుని ప్రకటించాను. "ముప్పావు పాళ్లు మాడ్చిన గింజలు, పావు చికోరీ, చిటికెడు జాజికాయ."

ఆఫీసు మిత్రులు చప్పట్లు కొట్టారు. పొగసుందర్ తల గోక్కున్నాడు.

"కరెక్టో కాదో కలిపినోళ్లే చెప్పాలె సాబ్."

"కలిపింది నువ్వు గాదా?"

"నేను వేయించెటోణ్ణే." అతను లోపలికి తిరిగి పిలిచాడు. "వదినమ్మా, జర బయటికి రాన్రి!"

తెర తొలగింది. ముందు నర్మద వచ్చింది. ఆమె వెనక, మోచేతుల దాకా కాఫీ పొడితో మా శశికళ!

నా తడి జుట్టునీ, మసి చొక్కానీ ఆమె పైనుంచి కిందిదాకా చూసింది. "మాడినయన్నీ మా ఇంట్ల ఉన్నట్టున్నయి. దీంట్ల మాత్రం లేవు" అంది. ముప్ఫైమందీ ఒక్కసారి నవ్వారు.

"మరేమున్నది వదినమ్మా?" అడిగాడు పొగసుందర్, తనకు తెలియనట్టు.

"ఏం లేదు. యుద్ధంతోని గింజ ఒక్కతీరుగ వస్తలేదు. పెద్దయి, చిన్నయి కలిపి వేయిస్తే చిన్నయి మాడ్తయి, పెద్దయి పచ్చిగుంటయి. ఏరి, వేరేవేరే వేయించి కలపమన్న. గంతే. చికోరీ లేదు, జాజికాయ లేదు."

నేను దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగాను. "మరి ఇంట్ల ఆ మసినీళ్లేందే?"

ఆమె గొంతు తగ్గించకుండా చెప్పింది. "అవి గూడ మూడో నంబరే! దుకాణంల పెట్టకముందు సంది మీరు తాగుతున్నది అదే."

మిత్రులు ఎనిమిదిమందీ సోమవారం దాకా ఆగలేదు, అక్కడే నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు.

ఇంటికి వస్తూ మొజంజాహీ మార్కెట్ దాటేదాకా నేను రెండడుగులు వెనకే నడిచాను.

"కోపమొచ్చిందా?" అంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే తాగుదురా? మీ పెండ్లాం చేసిందంటే నాలిక మీద పడకముందే చేదయితది మీకు."

కాదని చెప్పబోయాను. కానీ కాదు అనడానికి వీల్లేకుండా ఇరవై రోజులు నేనే సాక్ష్యం చెప్పి ఉన్నాను. నడిబజారులో ఆగి గట్టిగా అనేశాను. "కాఫీ బాగున్నది! చాన బాగున్నది!"

"మెల్లగ! అందరు చూస్తున్నరు" అంది గానీ, అడుగు తగ్గించి నా పక్కనే నడిచింది.

నాలుగో నంబరు తయారు చేసేటప్పుడు రుచి చూడడానికి నన్నే పెట్టుకున్నారు. గౌరవం దక్కిందని పొంగిపోతుంటే నర్మద అసలు సంగతి చెప్పింది. "మా ఆయన మొకం మాడ్చిండంటే అది మంచిగున్నట్టే" అందట శశికళ. అలాగా అనుకుని, ఈసారి జాగ్రత్తపడ్డాను. మొదటి గ్లాసు తాగి, కళ్లు మూసుకుని, "అమృతం!" అన్నాను.

వెంటనే ఇద్దరూ కలిసి ఆ పొడి పారబోశారు.