సూపరింటెండెంటు గారి గుండెమంట

ఇందుమూలంగా యావన్మందికీ సంతోషంతో తెలియజేయునది ఏమనగా, నీటి సరఫరా కార్యాలయపు సూపరింటెండెంటు గారి గుండెమంట విజయవంతంగా తొమ్మిదో ఏట అడుగుపెట్టింది. డాక్టరమ్మ మాత్ర రాసింది రెండు వారాలకే. కానీ మన సూపరింటెండెంటు గారు పొడిగింపుల్లో చెయ్యి తిరిగినవారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒకటి మింగుతూ, ఆ రెండు వారాలకీ తనంతట తానే పొడిగింపు ఇచ్చుకుంటూ వచ్చారు.

ఈమధ్య ఎవరో ఫోనులో పంపారు: ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారొచ్చట, విటమిన్లు తగ్గొచ్చట. ఆయన గుండె జారిపోయింది. ఎంతమందికి సంజాయిషీ నోటీసులిచ్చాను, నా కడుపుకి ఒక్కటీ ఇవ్వలేకపోయానే అని తన్ను తానే తిట్టుకున్నారు. అదే ఊపులో మాత్ర మానేశారు. నాలుగు రోజులు తిరక్కుండా మంట గొంతుదాకా ఎగదన్నింది. ఆయన త్రేన్చిన త్రేన్పుకి గుమాస్తా బెదిరిపోయి, అడక్కుండానే ఫైలు తెచ్చి ముందు పెట్టాడు.

డాక్టరమ్మ నెత్తి కొట్టుకున్నారు. "అలా ఠక్కున మానేస్తారటండీ? కొందరికి ఇది ఎప్పటికీ కావాలి. మీకు మెల్లగా తగ్గించి చూద్దాం. ఇంతకీ రాత్రి ఎన్నింటికి తింటారు?"

"పదిన్నరకి. తినగానే పడక."

"ఏడింటికే తినండి. సగం మందు అదే."

ఏడింటికి తినాలంటే ఆరింటికి కుర్చీలోంచి లేవాలి. ఆ కార్యాలయంలో పనివేళలు అయిదింటికే ముగుస్తాయి. కాకపోతే పైవాడు కదలకుండా కిందివాడు కదలడం మర్యాద కాదు. గుమాస్తాలు సూపరింటెండెంటు గారి కోసం, ఆయన పెద్దాఫీసరు కోసం, తొమ్మిదిదాకా కాగితాలు ఇటునుంచి అటు సర్దుతుంటారు. ఏటా నివేదికలో దీన్నే అంకితభావం అని రాస్తారు.

ఎముకల మీద ప్రేమకొద్దీ ఆయన తెగించి, ఆరింటికి పెద్దాఫీసరు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పారు.

"అయ్యో, నేను కూర్చునేదే మీకోసమయ్యా! కింద ఇంతమంది పనిచేస్తుంటే నేను లేచిపోతే ఏం బాగుంటుంది?"

మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ మర్యాదలు చేసుకున్నారు. ఎవరు ముందు లేవాలో మాత్రం తేలలేదు. చివరికి మధ్యేమార్గంగా మంచినీళ్ళ ఫిల్టరు పక్కన మాత్రల డబ్బా పెట్టించారు. "ఉద్యోగుల కడుపు చల్లగా ఉండాలన్నదే నా జీవితాశయం" అని ప్రారంభోత్సవంలో పెద్దాఫీసరు గద్గదస్వరంతో ప్రసంగించారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మన సూపరింటెండెంటు గారే. సభ ముగిసేసరికి తొమ్మిదిన్నర.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం భార్యకి చెప్పారు.

"నాకూ రెండు అట్టలు పట్టుకురాకపోయారా?" అందావిడ.

"నీకెందుకే?"

"మీరొచ్చేదాకా ఆగి, ఆ వేళప్పుడు తినేది ఎవరనుకున్నారు? ఏళ్ళుగా మీ అట్టలోవే వేసుకుంటున్నా. అంత తొందరగా ఎలా అయిపోతున్నాయని ఎప్పుడూ అనుమానం రాలేదా?"

ఇన్నాళ్ళూ ఆయన తన ఎముకల గురించే హడలిపోయారు గాని, ఎదురుగా ఇంకో మనిషికీ ఎముకలున్నాయని తట్టనేలేదు. పాపం, కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు.

మర్నాడే ఆవిడకంటూ విడిగా పెద్ద మాత్రల డబ్బా కొనిచ్చారు. ఆరింటికి లేచి ఇంటికి రావడం ఒక్కటి తప్ప, ఆవిడ కోసం ఆయన చెయ్యని త్యాగం లేదు.