మూడో చప్పుడుకు పాఠకుల స్పందన

ఆ శనివారం పొద్దున హైమ మూడు పనులు అనుకుంది. తలంటుకోవడం, కెమిస్ట్రీ హోంవర్క్ ముగించడం, కెప్టెన్ నాక్ చేత ఇంకొక మనిషిని మాయం చేయించడం. మొదటి రెండూ అమ్మకు తెలుసు. మూడోది తెలియకుండా ఏడాదిగా నెట్టుకొస్తోంది.

కెప్టెన్ నాక్ ఇంగ్లండ్ టీవీలో చిన్నపిల్లల బొమ్మల సీరియల్ వీరుడు. బూడిదరంగు కోటు వేసుకుని, ఆపదలో ఉన్నవాళ్ల తలుపు మూడుసార్లు కొట్టి, లోపలికొచ్చి కాపాడతాడు. చివర్లో అందరికీ చాక్లెట్ పాలు పోస్తాడు. రేపల్లె దగ్గర పల్లెటూరి బడిలో పదో తరగతి దాకా చదివి లండన్ శివార్లలోని హారోకి వచ్చిన కొత్తల్లో, ఇంగ్లీషు చెవికి అలవాటు కావాలని హైమ ఆ సీరియల్ చూసేది. చూడగా చూడగా ఒక అనుమానం వచ్చింది. ఎవరని అడగకుండా ఇంతమంది తలుపు తీస్తున్నారు కదా, వచ్చినవాడు కాపాడటానికే వచ్చాడని వీళ్లకెలా తెలుసు? ఆ అనుమానాన్ని మొదట డైరీలో రాసుకుంది. తరువాత అది ఒక తెలుగు కథల యాప్‌లో, మారుపేరుతో, 'మూడో చప్పుడు' అనే ధారావాహిక అయింది.

హైమ రాసిన నాక్ ఎవరినీ కాపాడడు. మూడుసార్లు తలుపు కొట్టి, ఆ ఇంటివాళ్లకు బాగా తెలిసిన గొంతుతో, "అందరూ లోపలే ఉన్నారా?" అని మెల్లగా అడుగుతాడు. జవాబు చెప్పిన ఇంట్లో మర్నాటికి ఒకరు తగ్గుతారు. తగ్గినది ఎవరో మిగిలినవాళ్లకు గుర్తుండదు. అన్నాల దగ్గర ఒక కంచం ఎక్కువ పెట్టామేమిటా అని ఒక్క క్షణం చూసి, తీసి లోపల పెట్టేస్తారు.

ఆ ధారావాహికకు నలుగురు పాఠకులు. ఒకామె ప్రతి భాగం కిందా గులాబీ పువ్వు పెట్టేది. ఒకరు చాక్లెట్ పాలు ఎప్పుడిస్తాడని అడిగేవారు. మూడో మనిషి ఎప్పుడూ ఏమీ రాయలేదు. నాలుగో ఆయన మాత్రం, "అక్షరదోషాలు లేవు. భయం కూడా లేదు" అని రాశాడు. ఆ మాట హైమకు రెండు వారాలు అన్నం సయించనివ్వలేదు. అందుకే తొమ్మిదో భాగంలో నాక్‌ను తాముండే ఆష్ కోర్ట్ అనే బిల్డింగ్‌లోకే తీసుకొచ్చింది. పదహారు ఫ్లాట్లు, అందులో పదకొండు తెలుగువాళ్లవి, కాసేపు ఎవరూ కదలకపోతే వాటంతటవే ఆరిపోయి, మళ్లీ స్విచ్ నొక్కితేగాని వెలగని కారిడార్ లైట్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దింపింది. తగ్గిపోయే మనిషిగా కింది ఫ్లాట్‌లో ఉండే, అందరి కూరల్లో ఉప్పు చూసే ఒక ఆంటీని పెట్టింది. తప్పించుకునే దారి కూడా ఒకటి చెప్పింది. ఇంటివాళ్లు తలుపు మీద సుద్దతో, తెలుగులో, 'మేమందరం లోపలే ఉన్నాం' అని రాసుకుంటే నాక్‌కు ఇక అడగడానికి ఏమీ ఉండదు.

శుక్రవారం సాయంత్రం ఆ భాగం యాప్‌లోకి ఎక్కింది. శనివారం తొమ్మిదింటికి అమ్మ ఫోన్‌లో కింది ఫ్లాట్ ప్రసన్నలక్ష్మి ఆంటీ గొంతు వినబడింది.

"గిరిజా, మెసేజ్ చూశావా? నరసరావుపేట నుంచి మా ఆడపడుచు పంపిందమ్మా. మన ఆష్ కోర్టేనంట! పక్కనుండి మనకే తెలీలేదు చూడు!"

గిరిజ మెసేజ్ తెరిచింది. హైమ ఆమె భుజం మీదుగా చూసింది. ప్రతి వాక్యమూ తనదే. పైన 'మూడో చప్పుడు' లేదు, 'తొమ్మిదో భాగం' లేదు. వాటికి బదులు, "హారోలో ఉన్న మనవాళ్లందరికీ తెలియజేయండి. ఇది నిజంగా జరిగింది" అని ఉంది. హైమకు ముందు సంతోషం కలిగింది. ఒక్కరైనా భయపడ్డారు. ఆ వెంటనే ఆంటీ సంగతి గుర్తొచ్చింది. ఉప్పు చూసే ఆంటీ ఎవరో ఈ బిల్డింగ్‌లో అడిగితే పసిపిల్ల కూడా చెబుతుంది. ఈ దేశంలో అమ్మకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ప్రసన్నలక్ష్మి ఆంటీ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే, స్కూల్ కిచెన్‌లో పని చూపించింది ఆవిడే. రాసింది హైమ అని తెలిస్తే అమ్మకు ఆ ఒక్క స్నేహమూ పోతుంది.

"కథేమో అమ్మా," అంది హైమ, వీలైనంత చిన్నగా.

"కథైతే మన లైట్ల సంగతి వాళ్లకెట్టా తెలుసే?" అంది గిరిజ.

పది గంటలకల్లా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. "టైప్ చేసి ప్రింట్ తీసి అంటిస్తే పనిచేస్తుందా?" "పేయింగ్ గెస్ట్‌ను అందరిలో కలపాలా?" "ఫ్రిజ్ మాగ్నెట్ అక్షరాలు చాలవా?" మూడో అంతస్తు చలపతి అంకుల్ కడపవారు, బ్యాంకులో డేటాబేస్‌లు చూసుకునే మనిషి. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టి అందరి అనుమానాలూ తీర్చారు. "మా ఊర్లో గూడా నా చిన్నప్పుడు ఇట్లనే తలుపుల మీద రాస్తాండ్రి. సుద్దతోనే రాయల్ల. రాయనోళ్ల ఇంట్లో బర్రె పోయింది. నేను కండ్లారా సూసినా."

ఆ తరువాత ఎవరూ వాదించలేదు. ముగ్గుపెట్టెల్లోంచి సుద్దముక్కలు బయటికొచ్చాయి. తెలుగు రాయడం మరిచిపోయినవాళ్లంతా గిరిజను పిలిచారు. ఆమె దస్తూరీ అచ్చువేసినట్టుంటుంది. ఏడు తలుపుల మీద రాసి, చేతులు దులుపుకుంటూ వచ్చి, తమ తలుపు దగ్గర ఆగిపోయింది.

"రాయవేంటమ్మా?"

"మీ నాన్న పని మీద లీడ్స్‌లో ఉన్నారుగా. అందరం లోపలే అని ఎట్టా రాస్తాం? అబద్ధం రాస్తే ఇంకా ప్రమాదం కదే!"

ఈ చిక్కు గిరిజ ఒక్కదానికే రాలేదు. తలుపు మీద అందరమూ అని రాసుకున్నవాళ్లు ఇక ఇల్లు కదలడానికి లేదు. ఒకాయన హాస్పిటల్ డ్యూటీ పట్టికలో పేరున్నా జ్వరమని ఫోన్ చేశాడు. ఒకావిడ ఇడ్లీపిండి రుబ్బి, ఇంట్లో ఉప్పు లేక ఊరికే కూర్చుంది. ప్రసన్నలక్ష్మి ఆంటీ షెఫీల్డ్‌లో చదువుతున్న కొడుకుకు ఫోన్ చేసి, ఉన్నపళంగా రైలెక్కమంది. కారణం అడిగితే, "రాసేశాంరా, నువ్వు రాకపోతే తప్పవుద్ది" అంది. ఆ అబ్బాయి తన పేరున ఏదో పత్రం రాసేశారనుకుని బయలుదేరాడు.

మధ్యాహ్నానికి ఆష్ కోర్ట్ చడీచప్పుడు లేకుండా పోయింది. శనివారాలు వినిపించే మిక్సీలు లేవు, మెట్ల మీద పిల్లలు లేరు. కిటికీ బయట నవంబరు మంచు తెల్లగా ఆనుకుని ఉంది. కారిడార్‌లో మనిషి అలికిడి లేక లైట్లన్నీ ఒకదాని తరువాత ఒకటి ఆరిపోయాయి. హైమ ముందుగదిలో పుస్తకం తెరిచి కూర్చుంది. ఒక్క అక్షరం తలకెక్కలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది. ఒకటి. రెండు. కాస్త ఆగి, మూడు.

"అందరూ లోపలే ఉండారా?" అని ఎవరో మెల్లగా అడిగారు.

గిరిజ జవాబు చెప్పబోయింది. హైమ ఎగిరి వచ్చి అమ్మ నోరు మూసింది. తను రాసిన వాక్యం అది. రాసినప్పుడు లేని భయం ఇప్పుడు పుట్టింది. తలుపుకున్న అద్దపు కన్నంలోంచి చూస్తే చీకట్లో బూడిదరంగు కోటు ఒకటి కదిలి పక్క ఫ్లాట్ వైపు వెళ్లింది. అక్కడా మూడు చప్పుళ్లు. అక్కడా అదే ప్రశ్న.

ఆ కోటు చలపతి అంకుల్‌ది. ఆయనింట్లో పాలు అయిపోయాయి. బయటికి వెళ్లకూడదు కాబట్టి ఎవరినైనా ఒక గ్లాసుడు అడుగుదామని బయలుదేరి, వట్టి పాల కోసం తలుపు కొడితే బాగుండదని ముందుగా క్షేమం అడుగుతూ వచ్చారు. నాలుగంతస్తులూ తిరిగారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అందరూ మాయమైపోయారని నిర్ధారించుకుని, ఇంటికి పరుగెత్తి, గ్రూపులో ఆ మాటే పెట్టారు. తక్కిన పది ఇళ్లవాళ్లూ తమ తలుపు కూడా కొట్టారని రాశారు. అది చూసి, కొట్టింది తానేనని తోచక, చలపతి అంకుల్ ఇంకా హడలిపోయారు.

రెండో అంతస్తులో ఉండే ఇంగ్లీషు ముసలాయన కుక్కను తిప్పుకొచ్చి, తెలియని లిపిలో ఒకే మాట పది తలుపుల మీద చూసి, బిల్డింగ్ బాగోగులు చూసే హౌసింగ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. మూడున్నరకు డెబ్రా అనే ఆఫీసరు వచ్చింది. గట్టి మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫోల్డర్. ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి అందరినీ కింది హాల్లోకి దింపింది. తిరిగి వచ్చేదాకా రాతలు చెరపొద్దని ఒకరికొకరు చెప్పుకుంటూ అందరూ దిగారు.

"ఏమిటది? ఎవరైనా చదివి చెప్పండి," అని డెబ్రా ఇంగ్లీషులో అడిగింది.

పెద్దవాళ్లందరూ పిల్లల వైపు చూశారు. ప్రసన్నలక్ష్మి ఆంటీ కూతురు రిషిత, "డోంట్ లుక్ ఎట్ మీ, ఐ కాంట్ రీడ్ ఇట్. హైమ కెన్," అంది. పదకొండు కుటుంబాలూ హైమ వైపు తిరిగాయి. నలుగురి ముందు ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

"మేమందరం లోపలే ఉన్నాం."

డెబ్రా మొహం పాలిపోయింది. "మేమందరం అంటే ఎవరు? దేని లోపల?"

డెబ్రా పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లు వచ్చేలోగా తను తీసిన ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఏడు తలుపుల మీద ఒకే చేతిరాత. ఇన్ని ఇళ్లలో రాత లేని తెలుగు తలుపు ఒక్కటే, తొమ్మిదో నంబరు. అందరి తలుపులూ పాడుచేసి తన తలుపు మాత్రం శుభ్రంగా ఉంచుకున్న మనిషి ఎవరో తేలడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"తొమ్మిదో నంబరు ఎవరిది?"

గిరిజ చెయ్యెత్తింది. వేళ్ల మధ్య సుద్దముక్క ఇంకా అలాగే ఉంది. డెబ్రా ఫోల్డర్ తెరిచి, పేరు స్పెల్లింగ్ చెప్పమంది. పోలీసుల ముందు సంజాయిషీ ఇవ్వాల్సి ఉంటుందని, స్కూల్లో పనిచేసేవాళ్ల విషయమైతే స్కూలుకు కూడా తెలియజేస్తామని అంది. గిరిజకు సగమే అర్థమైంది. ఆ సగానికే సుద్దముక్క ఉన్న చేతిని వెనక్కి దాచుకుంది.

"నేనే," అంది హైమ.

ఎవరికీ వినబడలేదు. రెండోసారి అరిచినట్టు చెప్పింది. "నేనే రాశాను! తలుపు మీద కాదు, ఆ మెసేజ్. అది కథ. నాక్ ఎవరూ లేడు. నేనే కల్పించాను."

ప్రసన్నలక్ష్మి ఆంటీ వచ్చి హైమను గుండెలకు హత్తుకుంది. "చూశారా అండీ, తల్లి కోసం నింద మీదేసుకుంటంది. బంగారు తల్లి! దీని నోట్లో నాలుకే లేదు, ఇది కథలు రాయడమేంటి?"

హైమ ఫోన్ తీసి యాప్ చూపించింది. చలపతి అంకుల్ కళ్లజోడు పైకి నెట్టి చదివారు. "ఓహో, ఫార్వర్డ్‌లో వచ్చిందాన్ని ఎత్తి ఈడ పెట్టినావా? తప్పు కదమ్మా. ఎవరో కష్టపడి రాసింటారు."

ఏడాదిగా ఎవరికీ తెలియకూడదని దాచింది. ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే పదో భాగం చెబుతాను," అంది. "ఇంకా ఎవరికీ పంపలేదు. డైరీలోనే ఉంది."

చెప్పడం మొదలుపెట్టింది. మొదట నేల చూస్తూ, తరువాత అందరి మొహాలూ చూస్తూ చెప్పింది. నాక్ కింది అంతస్తుకు దిగడం, అందరూ ఒకే హాల్లో పోగై ఉండటం, ఎవరు తగ్గారో తెలుసుకుందామని ఒకరినొకరు లెక్కపెట్టుకోవడం, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకరు ఎక్కువ రావడం. గోడవార నిలబడ్డ ఆ ఎక్కువ మనిషి గొంతు సవరించుకుని, ఆకు నములుతూ, అందరినీ పేరుపేరునా కుశలం అడగడం. రిషిత గుసగుసగా డెబ్రా చెవిలో ఇంగ్లీషు చేస్తోంది. డెబ్రా ఫోల్డర్ మూసేసింది. ఎవరూ కదల్లేదు. ఎవరూ కదల్లేదు కాబట్టి హాల్లో లైటు కూడా ఆరిపోయింది.

చీకట్లో గిరిజ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆ ఆకు నమిలే గొంతు మన ఊళ్లో రత్నమ్మ పెద్దమ్మదే కదే," అంది చెవిలో. "నువ్వే రాశావు. ఇంటికి పద, నీ సంగతి చెబుతా." అని, చెయ్యి మాత్రం వదల్లేదు.

వీధి తలుపు చప్పుడైంది. ఒకటి. రెండు. కాస్త ఆగి, మూడు.

గరుకు అద్దం వెనక, మంచులో, పొడుగాటి బూడిదరంగు ఆకారం వంగి లోపలికి చూస్తోంది. వర్షపు కోటు వేసుకుని వచ్చిన పోలీసు అతను. ఆ సంగతి లోపలున్న ఒక్కరికీ తోచలేదు. అతను ఉత్తరాలు వేసే సందు మూత ఎత్తి, మర్యాదగా, ఇంగ్లీషులో అడిగాడు.

"అందరూ లోపలే ఉన్నారా?"

చలపతి అంకుల్ కిందికి కూలబడ్డారు. ప్రసన్నలక్ష్మి ఆంటీ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరూ పలకొద్దని హైమ సైగ చేసింది, తనే కల్పించానని రెండు నిమిషాల కిందట చెప్పిన సంగతి మరిచి. డెబ్రా చీకట్లో గిరిజ రెండో చేతిలోంచి సుద్దముక్క లాక్కుని, మోకాళ్ల మీద పాకుతూ తలుపు దగ్గరికి వెళ్లి, తను తీసిన ఫొటో చూస్తూ ఆ తెలుగు అక్షరాలన్నీ తప్పులు లేకుండా దాని మీద దించింది.

బయట మంచు కాస్తా చినుకులైంది. ఆ పోలీసు పావుగంట చూసి హౌసింగ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, తమ ఆఫీసరు లోపలే ఉందని, ఇంకొంచెం గట్టిగా తలుపు కొట్టమని సలహా ఇచ్చారు.