జట్టు సామాను

నీళ్లకు నియమాలు తెలియవన్న సంగతిని యంత్రాంగం ఎంతో కాలంగా ఆందోళనతో గమనిస్తూ వచ్చింది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే జల వైకల్య నిర్ధారణ కమిటీ పుట్టింది. ఈతగాడికి నేల మీద ఎంత వైకల్యం ఉందో తేల్చే కమిటీ ఇదివరకే ఉంది. నీళ్లలో ఎంత ఉందో తేల్చడం దీని పని. (రెండు కమిటీలూ ఒకే గదిలో కూర్చుంటాయి. కుర్చీలు మాత్రం ఒకరికొకరు కనబడకుండా అటూ ఇటూ తిప్పి వేసుకుంటాయి.)

పదహారేళ్ల ప్రవీణకు పుట్టుకతోనే ఎడమ మోకాలి కింద కాలు లేదు. ఏటా ఆ నేల కమిటీ ఆఫీసుకు వెళ్లి, ఈ ఏడు కూడా కాలు మొలవలేదని చూపించి రావడం ఆమెకు అలవాటే. న్యాల్‌కల్ దగ్గర తండ్రి అల్లం చేను బావిలో, వీపుకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టుకుని ఒక్కతే ఈత నేర్చుకుంది. ఇప్పుడు జహీరాబాద్‌లో, హైవే పక్కనున్న స్విమ్మింగ్ పూల్‌లో, కోచ్ సాల్మన్ సార్ దగ్గర మరో ఐదుగురితో కలిసి ఈదుతోంది.

ఆ పూల్ గోడకు ఆరు మేకులున్నాయి. ఐదింటికి బ్యాగులు వేలాడతాయి. ఆరోదానికి ప్రవీణ కృత్రిమ కాలు. మొదటి వారం అందరూ దాన్ని చూడనట్టు చూశారు. ఎదుటి మనిషి చూపు తన ముఖం మీంచి కిందికి జారడానికి ఎంతసేపు పడుతుందో ప్రవీణ చిన్నప్పటి నుంచీ లోలోపల లెక్కపెట్టేది. సగటున రెండు సెకన్లు. రెండో వారం జట్టులోని వర్షిత చేతి వాచీ విప్పి, పెట్టడానికి చోటు కోసం చుట్టూ చూసి, "వాచ్ నీ కాల్ల ఏస్తున్ననే, జర చూస్కో" అంటూ మోకాలికి తొడిగే గుంతలో పడేసింది. మర్నాటి నుంచి అందరూ అదే పని. ప్రవీణ సెకన్లు లెక్కపెట్టడం మరిచిపోయింది. మరిచిపోయానని ఆమెకు నెల తర్వాత గుర్తొచ్చింది.

శనివారం హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలు. ఆ ఐదుగురికీ మామూలు విభాగంలో పేర్లు ఖరారయ్యాయి. ప్రవీణ దివ్యాంగుల విభాగంలో దిగాలంటే కమిటీ కాగితం కావాలి. వ్యానులో పిల్లలకు ఆరు సీట్లు. ఆమెకు పతకం మీద పెద్ద ఆశ లేదు. ఆరో సీటు మీద ఉంది.

గురువారం కమిటీ పూల్ దగ్గరికి కదిలి వచ్చింది. గుమాస్తా సాయన్న ప్రవీణను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, జర మెల్లగ ఈదు. నడుమ ఒకపారి ఆగి దగ్గు. చేపలెక్క పోతివంటే మా సార్ ఏమని రాయాలె?"

"మునిగినట్టు చెయ్యాల్నా కాకా?"

"మునుగకు తల్లీ. దానికి ఫారం వేరే ఉంటది."

ప్రవీణ నిజంగానే ప్రయత్నించింది. పది మీటర్ల దాకా చేతులను బతిమాలుతూ వెళ్లింది. కానీ నీళ్లలో ఆమెకు కాలు లేదన్న సంగతి గుర్తుండదు. గుర్తులేనిదాన్ని నటించడం కష్టం. పైగా గట్టు మీంచి జట్టులోని అఖిలేష్ కేక పెట్టాడు.

"ఏందే, నిద్రొస్తుందా? నీకన్న మా నాయనమ్మ నయం!"

అంతే. ఆమె తల ఎత్తేసరికి యాభై మీటర్లు అయిపోయాయి. సాయన్న కళ్లు మూసుకున్నాడు.

కమిటీ అధ్యక్షుడు జగన్‌మోహన్ గారు స్టాప్‌వాచీని రెండుసార్లు ఊపి చూసుకుని, నివేదిక అక్కడికక్కడే రాశారు: "నీళ్లలో ఉన్నంతసేపు అభ్యర్థినికి వైకల్యం కనిపించలేదు. గట్టెక్కి కమిటీ ముందు నిలబడ్డాక మొదలైంది."

"అయితే మామూలు విభాగంల పంపుత సార్" అన్నాడు సాల్మన్.

"ఎట్ల పంపుతవయ్యా? గట్టు మీద దివ్యాంగురాలే గదా. దూకేది గట్టు మీదికెంచే గదా."

ఆ విధంగా ప్రవీణకు పూర్తి అర్హత ఉన్న చోటు ఒకటి తేలింది. దూకేటప్పుడు, గట్టుకూ నీళ్లకూ మధ్య, గాలిలో, అర సెకను. (ఆ విభాగంలో ఇంకా పోటీలు నిర్వహించడం లేదు.)

వెళ్తూ వెళ్తూ అధ్యక్షుడి చూపు ఆరో మేకు మీద పడింది.

"ఇదెవరిది?"

"మా అందరిది సార్" అంది వర్షిత, అందులోంచి తన వాచీ తీసుకుంటూ.

ఆయన తొంగి చూశారు. నాలుగు వాచీలు, ఒక స్కూటర్ తాళంచెవి, సగం కొరికిన పల్లిపట్టి. నీళ్లలో వైకల్యమే తేలలేదు కనుక దీన్ని సహాయక ఉపకరణం అనడానికి వీల్లేదు. వస్తువులు దాస్తున్నారు కనుక ఇది సామాను. జట్టు సామాను జాబితాలో ఈల, తాడు తర్వాత మూడో వరుసలో రాయించారు. నిబంధన ప్రకారం జట్టు సామాను పోటీ స్థలానికి తప్పక చేరాలి.

సాయన్న పెన్నుకు మూత పెట్టబోయి ఆగాడు.

"సార్, సామాను దానంతలది ఎట్ల పోతది? పట్టుకపోయేటోళ్లు ఉండాలె గద."

"ఒకరిని రాయి."

శనివారం వ్యానులో ఆరు సీట్లూ నిండాయి. పోటీల గేటు దగ్గర కాపలా మనిషి చూపు ప్రవీణ ముఖం మీంచి కిందికి జారింది. ఒకటిన్నర సెకను. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. అతను కృత్రిమ కాలికి ఒక చీటీ కట్టి, గోడ పక్కన కుర్చీ చూపించాడు. ఈలలు మోగినప్పుడల్లా నీళ్ల వైపు చూస్తూ, ఒళ్లో ఐదు వాచీలు పెట్టుకుని, ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. చీటీ మీద ఇలా ఉంది:

"కృత్రిమ కాలు, ఒకటి. పోటీ స్థలంలోకి అనుమతించడమైనది. దానికి సహాయకురాలిగా ఒక మనిషి."