దించడం మరిచిన దేవదారు కట్ట

ముందుగానే ఒక సంగతి ఒప్పుకోవాలి: ఈ కథలో నేను హెర్మా పక్షం. తప్పెవరిదని మీరు పట్టుబట్టి అడిగితే, నిచ్చెనదని చెప్పి తప్పించుకుంటాను.

హెర్మాకు డాన్యూబ్ నది ముప్పయ్యేళ్లుగా కిటికీలోంచే తెలుసు. ఆస్ట్రియాలోని వాహావ్ లోయలో, నది ఒడ్డుకు మెట్లుమెట్లుగా దిగే ద్రాక్ష తోటల మధ్య ఆమె కాపురం. తమ తోట వైన్‌ని తమ పెరట్లోనే బల్లలు వేసి, వచ్చినవాళ్లకు పోసి అమ్మడం ఆ ఇంటి బతుకుతెరువు. ఎండ ఉన్నన్ని నెలలూ మధ్యాహ్నం పూట తెల్ల ఓడ ఒకటి ఇంటి కిందుగా వెళ్తుంది. పైన కుర్చీల్లో కాళ్లు చాపుకున్న జనం, చేతుల్లో గ్లాసులతో, "ఎంత ప్రశాంతంగా ఉందో ఈ ఊరు" అనుకుంటూ చేతులూపుతారు. హెర్మా బల్లలు తుడిచే గుడ్డ ఊపేది. ఒక్కసారి ఆ ఓడ మీద నుంచి తన ఇంటిని చూడాలని ఆమె కోరిక. "వచ్చే ఏడు తప్పకుండా" అనేవాడు మొగుడు ఎగాన్. అబద్ధమాడాలని కాదు. వచ్చే ఏడు కూడా కోతలుంటాయని అతనికి ఆ క్షణంలో గుర్తుండేది కాదు, అంతే.

ఈ అక్టోబరులో రేవులో బోర్డు పెట్టారు. సోమవారం వెళ్లేదే ఈ ఏటికి ఆఖరి ఓడ. వచ్చే వసంతం నుంచి ఈ చిన్న రేవులో ఆగదు. హెర్మా అది చదివి ఇంటికొచ్చి ఎగాన్‌ని అడగలేదు, చెప్పింది. తీరిగ్గా తోటలు చూసుకుంటూ మెల్క్ అనే ఊరి దాకా వెళ్లాలి. అక్కడ సత్రంలో నది వైపు గది. ఎవరిదో వైన్, ఎవరో పోస్తుంటే, తను కూర్చుని తాగాలి. "నేను లేవను," అంది. "గ్లాసు కిందపడి పగిలినా లేవను."

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. వైన్ పోసే ఇంటివాళ్లు గేటు మీద గెడకు దేవదారు కొమ్మల కట్ట వేలాడదీస్తారు. కట్ట వేలాడుతున్నంతసేపూ ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. కూర్చున్నవాళ్లను పోసి పెట్టకుండా పంపితే పరువు తక్కువ. వంతు అయిపోగానే వీళ్లు కట్ట దించాలి, ఎదురింటివాళ్లు ఎత్తాలి. హెర్మా వంతు ఆదివారంతో అయింది. సోమవారం నుంచి ఎదురింటి జెన్జిది.

కట్ట దించడం ఎప్పుడూ ఎగాన్ పని, గేటుకు తాళం హెర్మా పని. కానీ అతను నిచ్చెనెక్కితే దారినపోయే ప్రతివాడితోనూ మాట్లాడి గానీ దిగడు. అందుకని సోమవారం ఉదయం హెర్మా పనులు మార్చింది. కట్ట తను దించుతానంది, తాళం అతన్ని వెయ్యమంది. నిచ్చెన ఆనించాక శాలువా గుర్తొచ్చి లోపలికెళ్లింది. అప్పుడే బయటికొచ్చిన ఎగాన్, గోడకున్న నిచ్చెన చూసి, పని అయిపోయిందనుకుని దాన్ని కొట్టంలో పెట్టేశాడు. శాలువాతో వచ్చిన హెర్మా, నిచ్చెన లేకపోవడం చూసి, అలవాటు కొద్దీ అతనే దించేశాడనుకుంది. తాళం మాట, అలవాటు కొద్దీ, అతనికి గుర్తులేదు. గేటు దాటేటప్పుడు ఇద్దరిలో ఒక్కరైనా తలెత్తలేదు. రోజూ ఉండేదాన్ని తలెత్తి ఎవరు చూస్తారు?

రేవులో ఓడ రావడానికి ఇంకా చాలాసేపుంది. హెర్మా బెంచీ మీద కూర్చుని, సాధన కోసం కాళ్లు చాపి చూసుకుంది. అంతలో ఎర్ర టోపీ పెద్దమనిషి ఒకాయన రొప్పుకుంటూ దిగొచ్చాడు. లింజ్ నుంచి వచ్చిన రిటైరైన రైల్వేవాళ్లట, బస్సు నిండా ఉన్నారు. పెరట్లో కూర్చుని చాలాసేపైందనీ, పలికే దిక్కు లేదనీ చెప్పాడు.

"కట్ట దించేశాం కదండీ," అంది హెర్మా.

"లేదమ్మా. నిక్షేపంగా ఊగుతోంది."

మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. తలో గ్లాసు పోసి, కట్ట దించి చిటికెలో వచ్చేస్తానన్నాడు ఎగాన్. ఆ చిటికెను ఎందుకు నమ్మిందో హెర్మాకు ఇప్పటికీ తెలియదు.

గ్లాసు తర్వాత రైల్వేవాళ్లకు ఆకలేసింది. పొగబెట్టిన పందిమాంసం కోసి, దాని మీదకి క్రెన్ దుంప తురమడం మొదలుపెట్టాడు ఎగాన్. ఆ ఘాటు ముందు ఉల్లిపాయ పసిపాప. తన వంతు రోజున వీళ్ల గేటుకు కట్ట చూసి నిప్పులు కక్కుతూ వచ్చిన జెన్జికి, వంటింట్లో ఒంటరిగా, గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతున్న ఎగాన్ కనిపించాడు.

"హెర్మా ఏదీ?"

"రేవులో ఉంది, సూట్‌కేసుతో," ముక్కు ఎగబీల్చాడు. "ఎన్నేళ్ల నుంచో వెళ్తానంటోంది పాపం. ఏదో ఒకటి చెప్పి ఆపుతూ వచ్చాను. ఇంకా ఆపితే పాపం తగుల్తుంది."

జెన్జి పోట్లాట మరిచిపోయింది. వీధిలోకి వచ్చి, హెర్మా మొగుణ్ణి వదిలేసి పోతోందని ఉత్తరాలు పంచే గెర్లిండ్‌తో చెప్పింది. గెర్లిండ్‌కి సైకిలుంది. కాసేపటికి సగం ఊరు కేకులు పట్టుకుని ఎగాన్ పెరట్లో ఉంది. ఒక్కొక్కరూ భుజం తట్టి కూర్చున్నారు. క్రెన్ ఘాటుకు జాలిపడుతున్నారు కాబోలనుకుని ఎగాన్ అందరికీ పోశాడు.

అటు రేవులో గెర్లిండ్ సైకిలాపింది. "తొందరపడకు హెర్మా. మనిషి మంచోడు."

"మంచోడే. ఇంకా రావట్లేదు, అదే బాధ."

"ఆయన రాడమ్మా. నువ్వే వెళ్లాలి," అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

హెర్మా దానికి అర్థం వెతుక్కుంటుండగానే జెన్జి వచ్చిపడింది. "ఏంటే పిల్లా ఇది, ఈ వయసులో? అక్కడ ఆయన ఏడుస్తున్నాడు."

"ఏడిస్తే ఏడవనీ, ముందు రమ్మను. ఓడ ఆగదు."

"రాతి గుండె నీది," అంది జెన్జి. అంతలో మలుపు దగ్గర ఓడ కూత పెట్టింది. హెర్మా సూట్‌కేసును రేవు మనిషికి అప్పజెప్పి, మెట్లదారిన ఇంటికి పరుగెత్తింది.

ఆమె పెరట్లో అడుగు పెట్టగానే అందరూ అటు తిరిగారు. హెర్మా వాళ్ల మధ్య నుంచే దూసుకెళ్లింది. కొట్టంలోంచి నిచ్చెన తెచ్చి, ఎక్కి, కట్ట ఊడబీకి కింద పడేసింది. "తిరిగొచ్చేసింది," అన్నారెవరో. రైల్వేవాళ్లు చప్పట్లు కొట్టారు.

"అప్పుడే టైమైందా?" అన్నాడు ఎగాన్, తురుముపీట చేతిలోనే ఉంది.

ఇద్దరూ రేవుకు వచ్చేసరికి ఓడ నది మధ్యలో ఉంది. పైన రెయిలింగు దగ్గర జెన్జి, హెర్మా సూట్‌కేసును రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉంది. సామాను లేకుండా ఏ ఆడదీ ఇల్లొదిలి పోదని ఆమె లెక్క. రేవు మనిషి ఓడలో పెట్టేసిన సూట్‌కేసును దించుకొద్దామని ఎక్కింది. దించేలోగా ఓడ కదిలింది.

"వెళ్లకే హెర్మా!" అని అరుస్తోంది, దూరమవుతూ.

ఎగాన్ "వచ్చే ఏడు" అనబోయి, బోర్డు కేసి చూసి ఆగిపోయాడు. "నువ్వొక్కదానివైనా ఎక్కేయాల్సింది," అన్నాడు.

"అక్కడ్నుంచి మనిల్లు చూసి, అదిగో మనిల్లు అని ఎవరితో చెప్పను?" అంది హెర్మా.

పైకి నడిచారు. జెన్జి గేటు మీద కట్ట వేలాడుతోంది, లోపల బల్లలు నిండుతున్నాయి, పోసేవాళ్లు లేరు. హెర్మా వీధి దాటింది. ఎదురింటి వంటింట్లోకి వెళ్లి జెన్జి ఏప్రన్ కట్టుకుంది. ఎగాన్ క్రెన్ అందుకున్నాడు. ఈసారి అతని కళ్లు తురమకముందే ఎర్రగా ఉన్నాయి.

సాయంత్రం మెల్క్ సత్రం నుంచి జెన్జి ఫోన్ చేసింది. గెర్లిండ్ అసలు సంగతి చెప్పిందట, సిగ్గుతో చచ్చిపోతోందట. "గది ఎటూ ఖాళీయే కదా అని దిగానే. చలేసి సూట్‌కేసులోంచి నీ శాలువా తీసి కప్పుకున్నా. ఇక్కడ మనల్ని కుర్చీలోంచి లేవనివ్వరు పిల్లా."

హెర్మా ఫోన్‌ని భుజానికి నొక్కుకుని బల్ల తుడవసాగింది.

"ఓడ మీంచి మీ ఇల్లు కనబడింది," అంది జెన్జి, గొంతు తగ్గించి.

తుడుస్తున్న బల్ల మీద హెర్మా చెయ్యి ఆగింది. "ఎలా ఉంది?"

"ప్రశాంతంగా."

మీ సామాను మిమ్మల్ని వదిలేసి సెలవుకు వెళ్లిన సంగతులు మీకూ ఉంటే రాసి పంపండి. జెన్జి వచ్చి తన ఏప్రన్ అందుకోగానే హెర్మాకు తీరిగ్గా చదివి వినిపిస్తాను. జెన్జి ఇంకొక్క రోజు ఉండి వస్తానంది.