అంబులెన్సు కంటే ముందొచ్చినవాడు

మంగాయమ్మగారు లొల్ల లాకులకు ఇవతల, గట్టు రోడ్డు మీద పడి ఉన్నారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. ఆవిడ పట్టుకెళ్తున్న పూతరేకుల అట్టపెట్టె పగిలి, రేకులు గాలికి లేచి కాలవలో పడుతున్నాయి. ఎవరో గొడుగు పట్టారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. రావులపాలెం నుంచి వస్తున్న మా బస్సు ఆగిపోయింది.

అంబులెన్సు ఇంకా రాలేదు.

వకీలుగారి మనిషి మాత్రం అప్పటికే వచ్చేసి ఉన్నాడు!

పాఠకులారా, మీరే చెప్పండి. దెబ్బ తగిలిన మనిషికి ముందు కావలసింది డాక్టరా, యాక్సిడెంట్ కేసుల వకీలా? డాక్టరు ఉత్త అమాయకుడు. ఎముక అతికించి పంపేస్తాడు. వకీలు ఆ ఎముకకు ధర కడతాడు. అతికిన ఎముక ఏ బ్యాంకులో చెల్లుతుంది? విరిగిన ఎముకకు మాత్రం వడ్డీ కూడా వస్తుంది! కనుక యాక్సిడెంట్ వకీలు దెబ్బలు తిన్నవాళ్ల పాలిట వరం అని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఖర్చు ఎక్కువంటారా? కాస్త ఆగండి, ఆ లెక్కకే వస్తున్నాను.

నేను బస్సు దిగేసరికి నాగసతీష్ అనే కుర్రాడు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని ఫైలుతో విసురుతున్నాడు. అమలాపురంలో యాక్సిడెంట్ కేసులకు పేరుపడ్డ వకీలు ఆంజనేయప్రసాద్ గారి దగ్గర పనిచేస్తాడట. పనేమిటంటే, కోనసీమలో ఎక్కడ ఎవరు పడ్డా అందరికంటే ముందు అక్కడ వాలిపోవడం. ఏం అంకితభావమండీ అది! తొందరలో బండికి స్టాండ్ వెయ్యడం కూడా మరిచిపోయినట్టున్నాడు. అది గడ్డిలో పడి, హెడ్‌లైటు పగిలి ఉంది. అతని మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. క్లయింటు కోసం రక్తం ధారపోసే ఆఫీసు గుమాస్తాను మీరెక్కడైనా చూశారా?

అంబులెన్సు కంటే ముందు ఎలా రాగలిగాడు? ఈ ప్రశ్న ఒక పక్కన పెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

అతను సంచిలోంచి వకాల్తా కాగితం తీశాడు. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకు తిరుగుతాడు. మంగాయమ్మగారిది ఆత్రేయపురం. మా వైపు మనిషికి ప్రాణం పోతున్నా మర్యాద పోదు.

“కుడిచెయ్యి రావట్లేదు బాబూ, ఏమీ అనుకోకండి,” అని ఎడమచేత్తో సంతకం పెట్టారు.

ఆ తర్వాతే అంబులెన్సు వచ్చింది.

ఇక ఫీజు సంగతి. అక్షరాలా సున్నా! ఆసుపత్రిలో ఎక్స్‌రే తియ్యకముందే అడ్వాన్సు కట్టమంటారు. వకీలుగారు అలా కాదు. మంచం పక్కన కూర్చుని, అరటిపళ్లు బల్ల మీద పెట్టి, ఫీజుదేముందండి, సొమ్ము వచ్చినప్పుడు చూసుకుందాం అన్నారు. వచ్చినప్పుడు ఏం చూసుకుంటారని మంగాయమ్మగారు అడగలేదు. అడగడం మర్యాద కాదు. మా దగ్గర మేస్త్రీ కూలి దగ్గర్నుంచి పురోహితుడి దక్షిణ దాకా అన్నీ “మీ ఇష్టమండి” అనే బేరమాడతాం. తర్వాత జీవితాంతం బాధపడతాం. అది వేరే విషయం.

నష్టపరిహారంలో ఇంత వాటా అని మాట్లాడుకోవడం వకీళ్ల నియమాలకు విరుద్ధమట. ఆంజనేయప్రసాద్ గారు నియమం తప్పే మనిషి కాదు. అందుకని అడగరు. తీసుకుంటారు.

ఎంత తీసుకుంటారంటారా? నాగసతీష్ ఎంతో వినయంగా, చెవిలో మంత్రం చెప్పినట్టు చెప్పాడు. వందకు నలభై.

మీకు గుండె గుభేలుమందా? కొబ్బరితోట ఉన్నవాళ్లకు అలా అవ్వదు. దింపు తీసినవాడికి కొన్ని కాయలు, ఒలిచినవాడికి కొన్ని, మోసినవాడికి కొన్ని, దళారీకి మిగిలినవి. తోటవాడికి చిప్ప! దీనికే మనం అలవాటు పడిపోలేదా? ఈ కేసులోనూ అంతే. ఫొటోలు తీసినవాడున్నాడు, సర్టిఫికెట్ ఇప్పించినవాడున్నాడు, ఏమీ చూడకుండానే అంతా చూశానని చెప్పే సాక్షి ఉన్నాడు. పాపం వాళ్లకు మాత్రం పెళ్లాంబిడ్డలు లేరూ?

ఇంతలో డాక్టరుగారు ఆవిడ చెయ్యి చూసి, వందకు ముప్పయి వంతులు పనికిరాకుండా పోయిందని రాసిచ్చారు.

చెయ్యి విరిగినావిడకు ముప్పయి. వకీలుగారికి నలభై. దీన్నిబట్టి ఆ యాక్సిడెంట్లో ఎక్కువ దెబ్బ ఎవరికి తగిలినట్టు? ఆంజనేయప్రసాద్ గారిని చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో వరం గురించి చెప్పాలి. సలహా! దానికి వేరే ఫీజు లేదు.

మణికట్టు వంకరగా అతుక్కుందని, మరో ఆపరేషన్ చేసి సరిచెయ్యాలని, ఆలస్యమైతే ఇక తిరగదని డాక్టరుగారు చెప్పారు. మంగాయమ్మగారి కూతురు వాణి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. మనిషి కొంచెం గట్టిది. వెంటనే చేయించేద్దామంది. వకీలుగారు నవ్వి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

“తొందరపడకూడదమ్మా. చెయ్యి బాగుపడితే కేసు పాడైపోద్ది. జడ్జిగారు కళ్లారా చూడాలి కదా.”

“అప్పటికి చెయ్యి ఉంటదాండి?” అంది వాణి.

“వంకర చెయ్యికే కదమ్మా విలువ.”

ఎంత లోతైన మాట! మనమంతా చెయ్యి అంటే పని చేసుకోవడానికి అనుకుంటాం. మంగాయమ్మగారూ అదే భ్రమలో బతికారు. పూతరేకు తియ్యాలంటే బోర్లించిన వేడి కుండ మీద, పిండిలో ముంచిన గుడ్డను ఒక్క విసురుతో పరిచి తియ్యాలి. రేకు కాగితం కంటే పల్చగా లేచి రావాలి. ఆ విసురంతా మణికట్టులోనే ఉంటుంది. ఆవిడ ఇల్లు గడిచేది ఆ విసురు మీదే. ఇప్పుడు ఎడమచేత్తో గుడ్డ వేస్తే రేకు కాదు, అట్టు వస్తోంది. అయితేనేం? ఆ చెయ్యి ఇప్పుడు సాక్ష్యం. సాక్ష్యంతో ఎవరైనా వంట చేస్తారా?

వాయిదాలు మొదలయ్యాయి. వాయిదా పడ్డప్పుడల్లా మంగాయమ్మగారు బస్సెక్కి అమలాపురం వెళ్లడం, కోర్టు వరండాలో కూర్చోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. ఒకసారి వకీలుగారికి జలుబు. ఒకసారి ఆయన మేనకోడలి ఓణీల ఫంక్షన్. దీన్ని మీరు ఆలస్యం అంటారేమో. అది పొదుపు! ఎంత సాగితే అంత వడ్డీ. ఇక్కడ నొప్పిని కూడా ఫిక్సెడ్ డిపాజిట్ వేసుకోవచ్చు.

నాగసతీష్ అయితే కొడుకులా చూసుకున్నాడు. ప్రతిసారీ బస్టాండుకు ఎదురొచ్చి, పిన్నిగారూ అంటూ ఇడ్లీ తెచ్చిపెట్టేవాడు. పాఠం కూడా చెప్పేవాడు. తెల్ల కారు వచ్చింది, వెనకనుంచి గుద్దింది, ఆగకుండా పోయింది. ఆ కారు ఎవరిదో కాదు, వకీలుగారి బావమరిదిదే. దానికి ఇన్సూరెన్సు పక్కాగా ఉంది. సొంత బావమరిదిని నిందితుణ్ణి చేసి మరీ పేదరాలికి న్యాయం చేసే వకీలు ఏ యుగంలో ఉన్నాడు చెప్పండి! ఆ రోజు బస్సు కిటికీలోంచి నాకు తెల్ల కారేదీ కనబడలేదు. నా కళ్లజోడు పాతది కాబోలు.

మంగాయమ్మగారు ఆ పాఠమంతా విని “ఆయ్” అనేవారు. ఇడ్లీ పెట్టినవాడి మాటకు అడ్డు చెప్పరు కదా!

అన్నీ ఇలా సజావుగా సాగుతుంటే ఆడవాళ్లు వచ్చి పాడుచేశారు.

ఆత్రేయపురంలో ఆవిడ వీధిలో ఇంటింటా కుండలున్నాయి. వాణి ఏం చెప్పిందో ఏమో, ఎదురింటి దుర్గమ్మ ఒకరోజు తాను తీసిన రేకులన్నీ తెచ్చి మంగాయమ్మగారి ఇంట్లో పెట్టింది. మర్నాడు పక్కింటివాళ్లు. ఆ మర్నాడు మరొకరు. తలా ఒక రోజు పొయ్యి మంగాయమ్మగారి పేరున వెలిగింది. ఆ రేకులు చుట్టి అమ్మితే ఆపరేషన్‌కు సరిపడా అయ్యింది. ఇందులో వాటా లేదు, వకాల్తా లేదు, వడ్డీ లేదు. ఇంత అన్యాయంగా సాయం చేసేవాళ్లను ఏమనాలి? వకీళ్ల పొట్ట కొట్టడం కాదా ఇది?

ఆపరేషన్‌కు రోజు కుదిరింది. దానికి ముందురోజు వాయిదా. నేనూ వెళ్లాను.

కేసు పిలవగానే ఆంజనేయప్రసాద్ గారు లేచి, తన క్లయింటు తీవ్రమైన బాధలో ఉన్నందున మరో వాయిదా ఇప్పించమని కోరారు. వెనక బెంచీలోంచి మంగాయమ్మగారు లేచి నిలబడ్డారు.

“నాకు బానే ఉందండి. ఇవాళే చెప్పేస్తానండి,” అన్నారు జడ్జిగారితో.

వకీలుగారు వెనక్కి తిరిగి, కూర్చోమని ఆవిడకు సైగ చేశారు. వాణి మాత్రం తల్లి వైపే చూస్తోంది. నిజం చెబితే కేసు పోతుందని, రూపాయి కూడా రాదని ముందురోజే ఆ పిల్ల తల్లికి విడమర్చి చెప్పింది. నాకు తర్వాత తెలిసింది.

మంగాయమ్మగారు బోనెక్కాక ఇన్సూరెన్సు కంపెనీ తరఫు వకీలు ఝాన్సీగారు లేచారు. ఆవిడ మొదట అడిగింది కారు గురించి కాదు. చెయ్యి నొప్పిగా ఉందా అమ్మా, కుర్చీ వేయించమంటారా అని. ఇన్నాళ్లలో కోర్టు ఆవరణలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అవతలి పక్షం వకీలు! ఇది వృత్తిధర్మమేనా?

ఆ తర్వాత అడిగారు, పడ్డాక మిమ్మల్ని ముందు లేపిందెవరని.

“నాగసతీష్ బాబండి.”

“ఆయన ఎంతసేపటికి వచ్చారు?”

పక్కన పెట్టుకోమన్న ప్రశ్న గుర్తుందా? గుమ్మం దగ్గర నాగసతీష్ చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

“రావడమేంటండి,” అన్నారు మంగాయమ్మగారు. “ఆలమూరు దగ్గర ఎవరో పడ్డారని కబురొచ్చిందంటండి. అందరికంటే ముందెళ్లాలని బండి తోలుకుంటా వచ్చి నన్ను గుద్దేసేరండి. ఆయనా పడిపోయేరు. బండికి ఇన్సూరెన్సు లేదు, ఉద్యోగం పోద్ది పిన్నిగారూ అని నా కాళ్లు పట్టుకున్నారండి.”

పాఠకులారా, గమనించండి! దెబ్బలు తిన్నవాళ్ల దగ్గరికి ఇంత వేగంగా చేరే వ్యవస్థ ఇంకెక్కడుంది? దారిలో దెబ్బలను కూడా తనే తయారుచేసుకుంటుంది!

జడ్జిగారు కలం ఆపారు. ఆంజనేయప్రసాద్ గారు లేచి, గుమాస్తా తప్పుకు తనకేమీ సంబంధం లేదని, తనను కూడా మోసం చేశాడని, ఈ నీచుడి మీద తానే కేసు పెడతానని గడగడా చెప్పేశారు. మంగాయమ్మగారు ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగారు. మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు. అప్పుడు తన వంకర చేతిని ఎడమచేత్తో పైకెత్తి, జడ్జిగారికి కనబడేలా బోను అంచు మీద పెట్టారు.

“ఆ బాబుని ఏమీ అనకండి. విరగ్గొట్టింది ఆయనే, కాదన్ను. అది పొరపాటండి. విరిగిన చేతిని బాగుపడనివ్వకుండా ఇన్నాళ్లు ఇలా వంకరగా ఉంచింది మాత్రం ఆయన కాదండి. ఇదిగో, మీ ఎదురుగా నిలబడ్డారు. మా వకీలు ఆంజనేయప్రసాద్ గారండి.”